సంగతి చెప్పేటోడు

జనగామలో ఎల్లేశ్ ఇంటికి ఆ మధ్యాహ్నం బడి పెద్దమేడం సంధ్య వచ్చింది. ప్రతి ఏటా జూలై ఇరవై ఆరున, కార్గిల్ విజయం రోజున, ఆ బడిలో ఎల్లేశ్‌కు శాలువా కప్పి సన్మానం చేస్తారు. పదేళ్లుగా అది ఒక్కసారీ తప్పలేదు. ఈసారి యుద్ధం జరిగి ఇరవై అయిదేళ్లు నిండుతున్నాయని ఫ్లెక్సీ పెద్దది కొట్టిస్తున్నారు. దాని మీద రాయించే మాటలు ఒకసారి చూసి తప్పులుంటే చెప్పమని ఫోన్ చేతికిచ్చింది.

ఎల్లేశ్ కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. పైన తన ఫొటో, దాని కింద పేరు, ఆ కింద ఒక వాక్యం: 'శత్రువు గుండుకు కాలు నుజ్జయినా చెక్కుచెదరని ధైర్యంతో కొండ దిగి వచ్చిన వీర జవాను.'

కొత్త మాటేమీ కాదు. యుద్ధం అయిపోయి ఊరికి వచ్చిన కొత్తలో ఎవరో విలేకరి ఇట్లాగే రాశాడు. అప్పుడు ఎల్లేశ్ వయసు ఇరవై నాలుగు. ఎడమకాలు మోకాలి కింద లేదు. రైల్వే స్టేషన్ నుంచి ఇంటిదాకా డప్పులతో ఊరేగింపు తీశారు. ఆ హడావుడిలో పేపర్లో రాసింది తప్పని ఎవరికి చెబుతాడు, ఎందుకు చెబుతాడు? తర్వాత వేదికల మీద మాట్లాడిన ప్రతివాళ్లూ ఆ పేపర్లో ఉన్నదే చెప్పారు. తలవంచుకుని వినడం ఎల్లేశ్‌కు అలవాటైపోయింది. కాని ఈ రోజు, తన ఇంట్లో తన కుర్చీలో కూర్చుని చదువుతుంటే, 'దిగి వచ్చిన' అన్న మాట దగ్గర చూపు ఆగిపోయింది.

"నేను దిగి రాలే మేడం," అన్నాడు. "నన్ను మోసుకొచ్చిన్రు."

"అవునా సార్? మీరెన్నడూ చెప్పలే. ఎవరు మోసుకొచ్చిన్రు?"

"పటాలంల మా మీద నాయక్. పూల్‌సింగ్ అని. కొత్తగూడ కాడ తండా ఆయనది."

"కొత్తగూడెమా?"

"కాదు మేడం, కొత్తగూడ. నర్సంపేట అవతల, అడివిల."

"గంత దగ్గరా! ఈసారి ఆయనను గూడ పిలుద్దాం సార్. ఉన్నరు గదా?"

ఎల్లేశ్ ఫోన్ తిరిగి ఆమె చేతికిచ్చాడు. ఉన్నాడో లేడో తెలియదు. చాయ్ గ్లాసులు తెచ్చిన భార్య తిరుమల తలుపు దగ్గరే నిలబడిపోయింది. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఆ పేరు ఆమె కూడా వినడం అదే మొదటిసారి.

సంధ్య వెళ్లిపోయాక తిరుమల మెల్లగా అడిగింది. "నీ పానం కాపాడినాయినె గింత దగ్గర ఉంటే ఒక్కనాడు పోకపోతివి. ఎందుకయ్యా?"

అతను చెప్పడానికి ప్రయత్నించాడు. మొదటి ఏడాది పూనా దవాఖానలో గడిచిపోయింది. తర్వాత పెట్టుడు కాలుతో నడక నేర్చుకోవడానికి ఇంకో ఏడాది. తర్వాత భూపాలపల్లిలో బొగ్గు గని దగ్గర గేటు కాపలా ఉద్యోగం, పన్నెండేళ్లు. మొదట్లో, జర నడక కుదిరినాక పోదామనుకున్నాడు. కుదిరాక, గిన్ని దినాలకా వచ్చేది అని పూల్‌సింగ్ అనుకుంటాడేమోనని జంకాడు. పేపర్లో తను కొండ దిగి వచ్చినట్టు రాసింది ఆయన చూసి ఉంటే ఏమనాలో తోచలేదు. ఏడాది గడిచేకొద్దీ పోవడం ఇంకా కష్టమైంది.

"అంతేనా?" అంది తిరుమల.

"అంతే."

మర్నాడు పొద్దున్నే తిరుమల సంచిలో బట్టలు సర్ది, పైన ఒక కొత్త శాలువా పెట్టింది.

*

నర్సంపేటలో బస్సు మారి, కొత్తగూడలో దిగి, అక్కడి నుంచి ఆటోలో తండాకు వెళ్లేసరికి పన్నెండు దాటింది. రాత్రి కురిసిన వానకు దారంతా ఎర్రబురద. మిలిట్రీ పూల్‌సింగ్ అనగానే ఆటో అతను ఇంటి ముందరే దింపాడు. ఉన్నాడన్నమాట.

ఆయన పెరట్లో మక్క విత్తనాలకు మందు కలుపుతున్నాడు. యాభై అయిదేళ్లుంటాయి. తల పూర్తిగా నెరిసింది గాని భుజాలు అట్లాగే ఉన్నాయి. కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చే మనిషిని చూశాడు. కాలి వైపు చూశాడు. మళ్లీ మొహం చూశాడు.

"ఎల్లేశూ?" అన్నాడు.

"అన్నా," అన్నాడు ఎల్లేశ్.

పూల్‌సింగ్ చేతులు కడుక్కుని వచ్చి మంచం వాల్చాడు. భార్య గోరీకి లంబాడీలో ఏదో చెప్పాడు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, ఎల్లేశ్ మొహంలోకి తేరిపార చూసి, గడపలో కూర్చుంది. కాసేపు వానల గురించి, పంటల గురించి మాట్లాడుకున్నారు. ఆయన కూతురు సంగీత మహబూబాబాద్‌లో నర్సు. ఎల్లేశ్‌కు ఇద్దరు పిల్లలు. తర్వాత ఎల్లేశ్ లేచి నిలబడ్డాడు. సంచిలోంచి శాలువా తీసి ఆయన భుజాల మీద కప్పబోయాడు.

పూల్‌సింగ్ ఒక్కసారిగా వెనక్కి జరిగాడు. "వద్దు తమ్మీ."

"అన్నా, నా తప్పే. గిన్నేండ్లు రాకపోతిని. నువ్వు లేకుంటే నేను..."

"వద్దంటున్న గద!" గొంతు పెద్దదైంది. గడపలో గోరీ తల దించుకుంది. పూల్‌సింగ్ శాలువా మడతపెట్టి మంచం మీద పెట్టాడు. "నువ్వు రాలేదని నాకేం కోపం లేదు. రాకుంటేనే మంచిగుండె అనుకున్న. నీకు ఓదెలు యాదికున్నడా?"

ఎందుకు ఉండడు! ఓదెలు ముగ్గురిలో చిన్నవాడు. మహదేవపూర్ దగ్గర, గోదావరి పక్క ఊరు. అప్పట్లో అది కరీంనగర్ జిల్లా. పటాలంలో వందల మంది ఉంటే, ఇటు వైపు మాట మాట్లాడేవాళ్లు ఈ ముగ్గురే. అందుకే అన్నం దగ్గరా, నిద్ర దగ్గరా ముగ్గురూ ఒకచోటే ఉండేవాళ్లు. ఆ రోజు కూడా ముగ్గురే కొండ మీది చౌకీకి వైర్‌లెస్ బ్యాటరీలూ నీళ్లూ మోసుకుపోతున్నారు. పొగమంచు దట్టంగా ఉంది కాబట్టి పట్టపగలే బయలుదేరారు. దారిలో గుండు పడింది. ఎల్లేశ్‌కు అంతవరకే తెలుసు. కళ్లు తెరిచేసరికి కింద దవాఖాన డేరాలో ఉన్నాడు. ఓదెలు చనిపోయాడని మరునాడు ఎవరో చెప్పారు.

"గుండు తాకంగనే పోయిండని చెప్పిన్రు," అన్నాడు ఎల్లేశ్.

"గట్ల రాసిన్రు. తాకంగనే పోలే." పూల్‌సింగ్ మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. "నువ్వు బండ కింద పడ్డవు. వాడు జర పైన. వాడే పిలిచిండు, అన్నా అని. పోయి చూసిన. కడుపుల తాకింది. పక్కకు చూస్తే నీ కాలు... నెత్తురు నీళ్ల లెక్క పోతాంది. నువ్వు పిలిస్తే పలుకుతలేవు. ఇద్దర్ని మోసుడు నా వశం కాదు. నిన్ను ఎత్తుకున్న. గంటల వస్త ఓదెలూ అని చెప్పిన. వాడు తలూపిండు."

ఆయన శాలువాను ఇంకాస్త దూరం జరిపాడు.

"అది సరే అని ఊపిండో, నొప్పికి ఊపిండో గిప్పటిదాంక తెల్వదు."

కిందికి దింపడానికి రెండు గంటలు పట్టింది. అప్పటికి మంచు విచ్చుకుంది. కొండ వాలంతా శత్రువుకు కనబడుతోంది. పోతానంటే పై అధికారి చొక్కా పట్టుకుని ఆపాడు. సాయంత్రం మబ్బు కమ్మాక ఇద్దరు జవాన్లను తోడు తీసుకుని వెళ్లాడు. అప్పటికే ఒళ్లు చల్లబడిపోయింది.

"నువ్వొచ్చి దండం పెడుతుంటె నాకు వాడు ఊపిన గా తలకాయ కనబడతది తమ్మీ. నీకేం జేయలేదని కాదు. నువ్వు బతికినవు, సంతోషమే. గాని నాకు శాలువ కప్పొద్దు."

ఇన్నేళ్లూ ఎల్లేశ్ తను ఒక మనిషికి చెప్పవలసిన మాట చెప్పలేదనే బాధపడ్డాడు. తన ప్రాణం ఇంకొకరిని వదిలి వస్తే దక్కిందని అతనికి ఇప్పటివరకు తెలియదు.

గోరీ గడపలోంచే మాట్లాడింది. "మూడుసార్లు బయలెల్లిండు అన్నా, గా పిలగాని అవ్వను చూసొస్తనని. ఒకసారి కాటారం దాంక పోయిండు. ఆడ బస్సు దిగి, చాయ్ తాగి, వాపస్ వచ్చిండు. ఏమైందంటే మాట్లాడడు."

"ఏం మొకం పెట్టుకుని పోవాలె?" అన్నాడు పూల్‌సింగ్.

"ఇద్దరం పోదాం," అన్నాడు ఎల్లేశ్. ఆ మాట అనుకుని అనలేదు, దానంతటదే వచ్చింది. "రేపే పోదాం అన్నా."

సాయంత్రం సంధ్యకు ఫోన్ చేసి ఇరవై ఆరున సన్మానానికి రాలేనన్నాడు. అతిథులను పిలిచామని ఆమె పరేషాన్ అయింది. "ఫ్లెక్సీ మీద నేను కొండ దిగి వచ్చినట్టు రాయొద్దు మేడం. ముగ్గురి పేర్లు రాయించుండ్రి," అని పేర్లు చెప్పాడు. ఓదెలు ఇంటిపేరు మాత్రం ఎంత తలచుకున్నా యాదికి రాలేదు.

*

మర్నాడు భూపాలపల్లి చేరేసరికి పదకొండయింది. అక్కడ బస్సు మారారు. బస్సు కాటారం మీదుగా వెళ్తుంటే ఇసుక లారీలు ఒకదాని వెనక ఒకటి ఎదురొచ్చాయి. పూల్‌సింగ్ కిటికీ పక్కన బిగుసుకుని కూర్చున్నాడు. కాటారంలో బస్సు ఆగినప్పుడు ఎల్లేశ్ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, బస్సు కదిలిందాకా తియ్యలేదు.

మహదేవపూర్ దాటి రెండు ఊళ్ల అవతల దిగారు. అక్కడి కిరాణం దుకాణంలో అడిగితే, "మిలిట్రీ ఓదెలు వాళ్లిల్లా? గా నీలం తలుపులది," అని చూపించారు. ఇంటి ముందు అరుగు మీద ఒక ముసలామె చాటలో కందులు చెరుగుతోంది. చెవులకు పాత బంగారు గంటీలు, చేతుల నిండా ముడతలు. లోపల గోడ మీద దండ వేసిన ఫొటో గుమ్మంలోంచే కనబడుతోంది. ఓదెలు యూనిఫాంలో, మీసం సరిగ్గా మొలవని మొహంతో ఉన్నాడు. ఎల్లేశ్ కొడుకు కూడా ఇప్పుడు ఆ వయసువాడే.

"ఆఫీసోళ్లా బిడ్డా?" అంది ముసలామె. "గీసారి ఏ కాయితం మీద వేలెయ్యాలె?"

"ఆఫీసు కాదవ్వా. మేం ఓదెలుతోని పనిచేసినోళ్లం. నేను ఎల్లేశ్, జనగామ. ఈయన పూల్‌సింగ్ అన్న."

ఆమె చేతిలో చాట ఆగిపోయింది. "మా ఓదెలుతోనా?"

"అవునవ్వా. చివరి దినందాంక ఆయనతోనే ఉన్నం."

ఆమె పేరు సాలమ్మ. చాట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఇద్దరి మొహాలూ ఒకటి తర్వాత ఒకటి చూసింది. లోపలికి రమ్మంది. చిన్న కోడలిని పిలిచి నీళ్లిప్పించింది. వాళ్లు నీళ్లు తాగాక ఆమె అడిగిన మొదటి మాట ఇది.

"గుండు తాకంగనే పానం పోయిందని రాసిన్రు బిడ్డా. నిజమేనా?"

ఎల్లేశ్ పూల్‌సింగ్ వైపు చూశాడు. వస్తున్నప్పుడు బస్సులో ఆ మాట చెప్పొద్దనే అనుకున్నారు. ఇరవై అయిదేళ్ల తర్వాత ఆ తల్లికి ఇంకో కొత్త బాధ ఎందుకని. కాని పూల్‌సింగ్ కుర్చీలోంచి దిగి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"కాదవ్వా. తాకంగనే పోలేదు," అన్నాడు. ఆ తర్వాత జరిగిందంతా చెప్పాడు. ఎవరిని ముందు ఎత్తుకున్నాడో, ఏమని చెప్పి వెళ్లాడో, ఎప్పుడు తిరిగి వెళ్లాడో. ఏదీ దాచలేదు. తల కూడా ఎత్తలేదు.

సాలమ్మ విన్నది. 

"ఎంతసేపున్నడు?"

"తెల్వదవ్వా."

"ఒక్కడేనా?"

"ఒక్కడే."

కోడలు గోడకు ఆనుకుని కళ్లొత్తుకుంది. సాలమ్మ ఏడవలేదు. ఫొటో వైపు చూసింది. మళ్లీ పూల్‌సింగ్ వైపు తిరిగింది.

"ఇద్దర్ల ఒకల్ని ఎత్తుకోవాలె. ఇంకొకడు ఉండాలె. గది నాకు సమజైతది బిడ్డా. నేను నిన్నేమన్న?" అంది. అక్కడితో ఆగలేదు. "గాని గిన్నేండ్లు ఎందుకు రాలే? ఆఫీసరు వచ్చిండు, కలెక్టర్ వచ్చిండు, దండలేసిన్రు, ఫొటోలు దిగిన్రు. దేశం కోసం పోయిండన్నరు. అందరూ గదే మాట. మా వోడు ఆడ ఏం తిన్నడు, ఎవలతోని తిరిగిండు, నవ్విండా, ఏడ్చిండా, గా సంగతి చెప్పేటోడు ఒక్కడు రాలే. వాని బాపు ఎంత తిరిగిండో మీకు తెల్సా?"

ఓదెలు తండ్రి కిష్టయ్య సంగతి ఆమె చెప్పింది. పొరుగూళ్లలో ఎవరైనా మిలిట్రీ నుంచి సెలవు మీద వచ్చారని తెలిస్తే నడుచుకుంటూ వెళ్లేవాడట. మావోడు ఓదెలు తెల్సా అని అడిగేవాడట. తెలియదంటే, కూర్చుని వాళ్ల పెరుగన్నం తిని వచ్చేవాడట. కరీంనగర్ వెళ్లి, నా కొడుకుతో ఉన్నవాళ్ల పేర్లయినా చెప్పండ్రని మిలిట్రీ వాళ్ల ఆఫీసులో రెండు రోజులు కూర్చున్నాడట. అక్కడివాళ్లు పేర్లు వెతికి పంపిస్తామన్నారు. ఏమీ రాలేదు.

"రెండో కరోనాల పోయిండు. పోయేముందు గూడ, ఎవలన్న వస్తే నన్ను లేపు అన్నడు."

ఆమె ఎల్లేశ్ వైపు తిరిగి, కోపంగా కాదు, మామూలుగా అడిగింది. "నువ్వు జనగామల్నే ఉంటివా బిడ్డా అప్పటిసంది?"

అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేకపోయాడు.

"భూపాలపల్లిల ఉన్ననవ్వా. పన్నెండేండ్లు. బొగ్గు గని గేటు కాడ."

"భూపాలపల్లా?" ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "వాని బాపు నెలనెలా బీపీ గోలీలకు భూపాలపల్లి పోయెటోడు."

బయట ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. గేటు దగ్గర తను కూర్చున్న కుర్చీ ఎల్లేశ్ కళ్లముందు మెదిలింది. రోడ్డుకు పదడుగుల దూరం. ఎన్ని బస్సులు, ఎంతమంది ముసలివాళ్లు. పొద్దుపోని మధ్యాహ్నాలు ఎన్నో ఆ కుర్చీలో దినపత్రిక మూడుసార్లు చదువుతూ గడిపాడు. ఇక్కడికి బస్సు గంటన్నర దారి. 'ఏం చెప్పాలె పోయి' అని ఊరుకున్నాడు. ఆ ముసలాయనకు కావలసింది తను సులువుగా చెప్పగలిగిన సంగతులే. కొడుకు ఏ దుప్పటి కప్పుకున్నాడు, ఎవరికి ఉత్తరం రాశాడు, దేనికి నవ్వాడు. అప్పుడవన్నీ యాదికుండేవి.

"అవ్వా, తప్పయింది," అన్నాడు. ఆ మాట ఎంత చిన్నదో నోటినుంచి వచ్చాక తెలిసింది.

సాలమ్మ తన గోళ్లు చూసుకుంది. తర్వాత, అన్నాళ్లుగా దాచి పెట్టుకున్నదాన్ని తీసినట్టు అడిగింది.

"ఆఖరి ఉత్తరంల పన్ను నొస్తాందని రాసిండు. గది తగ్గిందా?"

తగ్గిందవ్వా అని చెప్పేద్దామని ఎల్లేశ్ నోరు తెరిచాడు. నిజానికి అతనికి గుర్తులేదు. పూల్‌సింగ్ చెయ్యెత్తి ఆపాడు.

"తగ్గలేదవ్వా. రెండు దినాలు చెంప ఇంత ఉబ్బింది. లవంగం పెట్టినం, ఉప్పునీళ్లు పుక్కిలించమన్నం. ఊకె అవ్వా అవ్వా అన్నడు. మూడో దినం నేనే డాక్టర్ కాడికి గుంజుకపోయిన. వద్దు అన్నా, నేను పోయి గుండ్లల్ల నిలబడత గాని గా కుర్చీల కూసోను అన్నడు. డాక్టర్‌కు తెలుగు రాదు, వాడు తెలుగుల తిట్టిండు. పన్ను పీకినంక అరచేతుల పట్టుకుని, దీన్ని ఇంటికి పంపుత, మా అవ్వ ఇంటి మీద ఇసిరేస్తది అన్నడు."

సాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో మొదట తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి.

"చిన్నప్పుడు గట్లనే ఇసిరేటిదాన్ని," అంది. "ఇంక చెప్పు బిడ్డా."

పూల్‌సింగ్ చెప్పాడు. ఆయనకు అన్నీ గుర్తున్నాయి. ఓదెలు చలికి రెండు జతల మేజోళ్లు వేసుకుని, బూట్లు పట్టక అవస్థపడిన సంగతి. గోధుమరొట్టె తినలేక అన్నం కోసం వంటవాడి చుట్టూ తిరిగిన సంగతి. చెల్లె పెళ్లికి సెలవు దొరుకుతుందా అని లెక్కలు వేసుకున్న సంగతి. ఎల్లేశ్ కూడా మధ్యమధ్య కలిపాడు గాని, అతని జ్ఞాపకాలు చాలావాటికి కొసలు లేవు. ఒక పేకాట గుర్తుంది, ఎవరు గెలిచారో గుర్తులేదు. ఓదెలు పాడేవాడని గుర్తుంది, ఏ పాటో గుర్తులేదు. సాలమ్మ ప్రతిసారీ "ఏం పాట?" అన్నట్టు చూసి, అతను తల అడ్డంగా ఊపితే ఊరుకుంది.

అన్నం తినకుండా పోనివ్వలేదు. కోడలు పప్పుచారు కాచింది. చివరి బస్సుకు లేచినప్పుడు సాలమ్మ అరుగుదాకా వచ్చి, పూల్‌సింగ్ చెయ్యి పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఎల్లేశ్ వైపు చూసి, "మల్ల రా," అని మాత్రం అంది.

*

ఇరవై ఆరున బడిలో ఎల్లేశ్ లేకుండానే సభ జరిగింది. ఫ్లెక్సీ మీద మూడు పేర్లు రాయించామని సంధ్య ఫోన్ చేసి చెప్పింది. ఓదెలు పేరు ముందు ఇంటిపేరు కోసం చుక్కలు పెట్టి వదిలేశారట. ఆ ఇంటిపేరు అప్పటికి ఎల్లేశ్‌కు తెలుసు. అడిగి తెలుసుకుని వచ్చాడు. చెప్పేసరికి ఫ్లెక్సీ అచ్చయిపోయింది.

ఆ తర్వాత అతను ఒక్కడే రెండుసార్లు సాలమ్మ దగ్గరికి వెళ్లాడు. ఒకసారి పూల్‌సింగ్ మోకాళ్లు పట్టేసి రాలేకపోయాడు, ఇంకోసారి మక్క కోతలు. వెళ్లేముందు ఎల్లేశ్ ఆయనకు ఫోన్ చేసి, ఏమేం చెప్పాలో అడిగి కాగితం మీద రాసుకునేవాడు. రెండోసారికే ఆ కాగితం మీద రాసుకునేవి సగానికి తగ్గాయి.

దసరా అయిపోయిన వారానికి, అరుగు మీద ఇద్దరూ కూర్చున్నప్పుడు సాలమ్మ అడిగింది. యుద్ధం జరిగిన ఆ ఏడు సంక్రాంతికి ముందు కిష్టయ్య సకినాలు కట్టి పోస్టులో పంపించాడట. డబ్బా అట్టతో కట్టి, దారం చుట్టి, తనే మంథని దాకా పోయి పంపి వచ్చాడట. అవి ఓదెలుకు ముట్టినయా?

ఎల్లేశ్ కళ్లు మూసుకుని ఆలోచించాడు. జనవరి. అప్పుడు ఎక్కడున్నారు? డేరా ఒకటి కనబడింది, ఇనుప మంచాలు కనబడ్డాయి. సకినాల డబ్బా ఎంత వెతికినా కనబడలేదు. పూల్‌సింగ్‌కు ఫోన్ కలిపాడు. ఆయన డబ్బా సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. చివరికి, "నేనప్పుడు సెలవుల ఉంటి తమ్మీ. ఆడ లేను. నీకే తెలువాలె," అన్నాడు.

"నాకు యాదికి వస్తలేదవ్వా," అన్నాడు ఎల్లేశ్ ఫోన్ పెట్టేసి. "అప్పుడే వచ్చుంటే చెప్తుంటినేమో."

సాలమ్మ రోడ్డు వైపు చూస్తూ తలూపింది. "గదొక్కటి మస్తుసార్లు అడిగిండు వాని బాపు," అంది. కొంచెం సేపటికి లేచి, అతనికి నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.